డండీ మహానగర వార్డుల్లో నా కాపురం

అమెరికా వచ్చిన కొత్తల్లో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి పట్టుకుంటుంది. మా రూమ్మేట్‌కి కార్ల పిచ్చి, పక్క అపార్ట్‌మెంట్ అన్నయ్యకి కూపన్ల పిచ్చి. చాండ్లర్‌లో మొదటి ఉద్యోగం చేస్తున్న ఆ రోజుల్లో నాకు పట్టుకున్నది స్కాట్లాండ్‌లోని డండీ నగర మున్సిపల్ రాజకీయాల పిచ్చి. ఎందుకని అడిగితే కారణం చెప్పడానికి ఇప్పటికీ మొహమాటమే. ఆఫీసులో ఎవరో డండీ కేక్ తెచ్చారు. రెండు ముక్కలు తిని (మూడు, నిజం చెప్పాలంటే) ఆ ఊరు ఎక్కడుందా అని ఇంటర్నెట్‌లో వెతికాను. ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఆ ఊరి నగరపాలక సంస్థ మీద ఒక వ్యాసం ఉంది. అందులో ఒక కౌన్సిలర్ పార్టీ పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా కనిపించింది. ‘పులస’ అనే పేరుతో ఖాతా తెరిచి దిద్దేశాను. గంట తిరగకముందే చర్చ పేజీలో ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది: “సవరణకు ధన్యవాదాలు. ఆధారం కూడా జతచేస్తే సంతోషిస్తాను.” కింద సంతకం, ‘గ్రే గల్’. అంటే బూడిదరంగు సముద్రపు పక్షి.

ఆ సంతకం చూసిన క్షణం నుంచి నా కళ్ళ ముందు ఒక పెద్దాయన నిలిచిపోయాడు. తెల్లటి గడ్డం, గళ్ళ లుంగీలాంటి ఆ స్కాట్లాండ్ బట్ట, చేతిలో పొగలు కక్కే టీ, కిటికీ అవతల సముద్రం. ఆయన వ్యాసంలో ఒక్కొక్క వార్డునీ పువ్వుల్లో పెట్టి చూసుకునేవాడు. ఏ వాక్యానికైనా ఆధారం లేకపోతే ఎంతో మర్యాదగా తీసేసి, తీసేసినందుకు క్షమాపణ అడిగేవాడు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే అన్నం కుక్కర్‌లో పడేసి, ఆయన దగ్గర శిష్యరికానికి కూర్చునేవాణ్ణి. ఏ వీధి ఏ వార్డులోకి వస్తుందో, ఎవరు పార్టీ మారారో అన్నీ నేర్చుకున్నాను. ఆయనకి రాసేటప్పుడు ప్రతి వాక్యంలో ‘సర్’ ఉండేది. సొంత ఊరి మీద ఒక మనిషికి ఇంత ప్రేమ ఉంటుందా అని ఆశ్చర్యపోయేవాణ్ణి.

కొన్ని నెలలకి ఒక కౌన్సిలర్ రాజీనామా చేయడంతో ఆ వార్డులో ఉపఎన్నిక వచ్చింది. ఫలితం రాగానే ఎవరు ఏ పట్టిక నింపాలో ముందే పంచుకున్నాం. ఇంతలో పెద్దాయన దగ్గర్నుంచి సందేశం: “కౌంటింగ్ ప్రీపోన్ అయింది. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.”

నేను దాన్ని రెండుసార్లు చదివాను. ప్రీపోన్. ముందుకు జరిగిందని చెప్పడానికి మన దేశంలో తప్ప ఎక్కడా వాడని ఇంగ్లీషు మాట. మా డిప్యూటీ కలెక్టర్ పెదనాన్న తప్ప ఇలా రాసే మనిషిని నేనెరగను. తెలుగులోనే టైప్ చేశాను: “సర్, మీరు తెలుగువారా?”

జవాబు వెంటనే వచ్చింది. “సర్ కాదు నాయనా, మేడమ్‌ని. నీ పేరులో పులస చూసి మొదటిరోజే గోదావరి మనిషివనుకున్నాను. డండీలో స్థిరపడిన డాక్టరుగారేమో, విసిగించడమెందుకని అడగలేదు. మాది బందరు. కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు టెక్సస్‌లో, ప్లేనోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకి వచ్చాను. నువ్వు డండీలో ఏ వార్డు?”

చాండ్లర్ వార్డు అని చెప్పుకోవలసి వచ్చింది. నా నంబరు తీసుకుని ఆవిడ ఫోన్ చేసి నవ్విన నవ్వుకి వాళ్ళమ్మాయి పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

అక్కడ కౌంటింగ్ మొదలయ్యేసరికి మాకిక్కడ పొద్దున్న. ఒక చెవిలో ఆఫీసు కాల్, ఇంకో చెవిలో ప్లేనో ఆంటీ, ఎదురుగా డండీ పత్రిక వెబ్‌సైట్. మొదటి లెక్కలో ఒకాయన బాగా ముందున్నాడు. పట్టికలో గెలిచినవాడిగా ఆయన పేరు పెట్టేసి సేవ్ నొక్కబోతున్నాను.

“ఆగు నాయనా,” అంది ఆంటీ. “ఓట్లు సగం దాటలేదు కదా. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ లెక్కే ఇదీ. అందరికన్నా వెనకున్నవాణ్ణి తీసేసి, వాడి ఓట్లలో రెండో ప్రాధాన్యం చూసి, మిగతావాళ్ళకి ట్రాన్స్‌ఫర్ చేస్తారు.”

అప్పుడే ఆఫీసు కాల్‌లో మేనేజర్, “ఎనీ బ్లాకర్స్?” అన్నాడు, పనికి అడ్డంకులేమైనా ఉన్నాయా అని.

“ట్రాన్స్‌ఫర్స్ ఇంకా పెండింగ్,” అన్నాను, ఏ చెవికి జవాబిస్తున్నానో తెలియకుండానే.

“ఓకే, కీప్ మీ పోస్టెడ్,” అన్నాడాయన. (మరుసటి వారం ఆ ట్రాన్స్‌ఫర్స్ ఏమయ్యాయని అడిగాడు కూడా. పూర్తయ్యాయన్నాను. మెచ్చుకున్నాడు.)

ఒక్కొక్కరే తప్పుకుంటుంటే వాళ్ళ ఓట్లు మిగతావాళ్ళ వైపు కదిలాయి. రెండో స్థానంలో ఉన్నావిడ మెల్లమెల్లగా దగ్గరికొచ్చి, చివరి లెక్కలో ముందున్నాయన్ని దాటేసింది. ఓడినవాడికి ఓటేసిన మనిషిని కూడా ఎవరో పిలిచి, ‘పోనీ, ఆ తర్వాత ఎవరు కావాలి నీకు?’ అని అడిగినట్టనిపించింది. వీధి దీపాలూ చెత్తబండ్లూ చూసుకునే ఒక్క పదవికి అంత మర్యాద. “ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను కానీ, ఇలా పక్కన కూర్చుని చూడలేదు,” అంది ఆంటీ.

ఆ లెక్కంతా అంచెలంచెలుగా పట్టిక వేసి వివరించాం. వారం తిరిగాక చర్చ పేజీలో ఆ వార్డు మనిషి ఒకాయన రాశాడు: “నా మూడో ప్రాధాన్యం ఓటు ఎక్కడికి వెళ్ళిందో ఇది చదివాకే అర్థమైంది. మీరిద్దరూ మా వీధివాళ్ళేనా?”

ఏం రాయాలని ఆంటీకి ఫోన్ చేశాను. “నిజమే రాయి. అమెరికాలో ఉంటామని, ఓటు లేదని,” అంది. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, “అవునూ, మీ ఊళ్ళో మీ ఇల్లు ఎన్నో వార్డు?” అని అడిగింది.

“డండీవైతే అన్నీ చెప్పగలను,” అన్నాను.

“నాకూ తెలీదులే. మావారిని అడగాలి,” అంది ఆంటీ నెమ్మదిగా.

ఆవిడ బందరు వెళ్ళిపోయి చాలాకాలమైంది. నేనూ డండీ పేజీ వైపు పోవడం తగ్గించాను. కుక్కర్ కూతలు పట్టించుకోకుండా, ఎన్నడూ చూడని ఊళ్ళో ఎవరు గెలుస్తారా అని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న ఆ కుర్రాడు మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాణ్ణి చూసి నవ్వుదామనుకుంటాను. నవ్వు వచ్చేలోపే, వాడంటే కొంచెం అసూయ పుడుతుంది.