నీలి పువ్వుకి పెట్టని పేరు

దొరలు చిర్రా అని పిలిచే మా కొండ ఊరు సొహ్రాలో క్సాన్‌కి ఒకటే దిగులు. నలుగురు పిల్లలు పుట్టారు, నలుగురూ వాళ్లమ్మ వంశమే. మా కొండల్లో ఎవరికైనా అంతే. ఇంటిపేరు తల్లిది, ఇల్లు చివరి కూతురిది. మొగవాడు పెళ్లాం ఇంట్లో పడుకుంటాడు, అక్కచెల్లెళ్ల ఇంటికి పెద్దరికం చేస్తాడు. అందరూ వక్క నములుతూ హాయిగా బతికేస్తుంటే ఇతనికే అది ముల్లులా గుచ్చుకునేది.

"నేను పోతే నా పేరు పలికే నోరేదే?" అని పెళ్లాన్ని సతాయించేవాడు.

"ముందు కట్టెలు కొట్టుకురా, పేరు తీరిగ్గా పలుకుదాం" అనేది ఆవిడ.

ఆ రోజుల్లో దండు డాక్టరు హాలోవే దొరకి మొక్కల పిచ్చి పట్టింది. ఆకులు కాగితాల మధ్య అణిచి, వానలో తడిసిన కాగితాలు పొయ్యిసెగన ఆరబెట్టించి, కలకత్తా తోట చూసే గ్రిమ్‌షా దొరకి పంపేవాడు. ఆయన లండన్లో మొక్కలకి పేర్లు పెట్టే ఒక పండితుడికి పంపేవాడు. ముగ్గురూ "ప్రియమిత్రమా" అని రాసుకుంటూనే ఒకరి గొయ్యి ఒకరు తవ్వుకునేవారు. క్సాన్ ఈ దొరకి దారి చూపేవాడు.

ఒక శరత్తులో తన అక్క థేయ్ వాళ్ల సింధూర చెట్ల అడవినుంచి, చెట్టుకొమ్మని పట్టుకుని పెరిగే నీలి పువ్వు ఒకటి తెచ్చి దొర చేతిలో పెట్టాడు.

"దీన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు క్సాన్!" అని గంతేశాడు దొర. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న మేమంతా ఎవరమో మరి. "దీనికి నీ పేరు పెట్టమని రాస్తాను. లోకం ఉన్నన్నాళ్లూ ఉంటుంది."

"నా పేరా దొరా?"

"నీ పేరే."

అంతే, మనిషి కాళ్లు నేలమీద నిలవలేదు. బుట్టలకొద్దీ కావాలన్నాడు దొర. అయితే ఆ అడవి క్సాన్ వాళ్లమ్మ వంశానిది. అందులోంచి పుల్ల బయటికి రావాలన్నా ఇంటిపెద్ద పలకమీద గుడ్డు పగలగొట్టి, పెంకులు పడ్డ తీరు చూసి అడవిని కాచే దేవత మాట తెలుసుకోవాలి. ఆ పెద్ద క్సానే. మొదటి గుడ్డు కాదంది. రెండోదీ కాదంది. కాదన్నప్పుడు మనిషి తన కోరిక తగ్గించుకుని మళ్లీ అడగాలి, అది పద్ధతి. క్సాన్ కోరిక తగ్గించలేదు, గుడ్లు పెంచాడు. చివరికి ఒకటి కుడివైపు పడింది.

"చూశావా అక్కా, ఒప్పుకుంది."

"ఒప్పుకోలేదురా, విసిగిపోయింది" అంది థేయ్.

అయినా అడ్డుపడలేదు. ఇంటిపెద్ద మాట కాదనడం ఆవిడ ఎరగదు.

మొదట్లో చెట్టెక్కి కోసేవాడు. బుట్టలు కొండ దిగి పడవలెక్కేసరికి మైదానపు ఎండకి మొక్కలన్నీ కుళ్లేవి. "అన్నీ చచ్చాయి, రెట్టింపు పంపండి" అని కలకత్తానుంచి ఉత్తరం. మళ్లీ పంపితే మళ్లీ అదే ఉత్తరం. చెట్టెక్కడం దండగనిపించి గొడ్డలి పట్టాడు క్సాన్. ముత్తవ్వల నాటి చెట్లు పువ్వుకోసం నేలకూలాయి. అడవి బోడిగుండయింది, ఊటనీళ్లు మట్టిరంగు తిరిగాయి.

ఆఖరికి లండన్ జవాబొచ్చింది. పువ్వుకి గ్రిమ్‌షా పేరు పెట్టారు. డాక్టరు దొర ఆ కాగితం నలిపి గోడకి కొట్టాడు.

"నా పేరు దొరా?" అని నసిగాడు క్సాన్.

"నా పేరే పెట్టలేదు, నీ పేరు పెడతారా!"

"అసలు రాశారా?"

దొర కలం తుడుచుకున్నాడు. "ఒక కొండమనిషి తెచ్చాడని రాశాను" అన్నాడు.

క్సాన్ తిన్నగా అక్క దగ్గరికి వెళ్లాడు. పగవాడొచ్చినా ఆకూవక్కా అందించే ఇల్లది. థేయ్ ఆ వక్కల బుట్ట వెనక్కి జరుపుకుంది.

"తప్పయింది అక్కా. గుడ్లు అలా పడ్డాయి మరి..."

"గుడ్ల మీదికి తొయ్యకు. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను, నీ పెద్దరికం చూసి. ఇప్పుడు చెప్తున్నా విను. నువ్వు పోయాక నీ ఎముకలు మా వంశం రాతిగూట్లోకి రావు. అమ్మ ఎముకలున్నాయందులో. ఏ మొహం పెట్టుకుని ఆవిడ పక్కన పడుకుంటావు?"

"ఇంకెక్కడికి పోనే?"

"ఆ పువ్వు దగ్గరికి పో."

చచ్చేదాకా ఏటేటా బతిమాలాడు. ఆవిడ కరగలేదు. ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. పెళ్లాం శవాన్ని కాల్చి, ఎముకలు తెల్లగుడ్డలో మూటగట్టి, ఆచారం ప్రకారం పిల్లలచేత మేనత్త గుమ్మానికి పంపింది. థేయ్ మూటని ఒళ్లో పెట్టుకుని తమ్ముడా తమ్ముడా అని ఊరంతా వినేలా ఏడ్చింది. ఏడ్చి, మూట తిరిగిచ్చేసింది. గూటి రాయి జరపలేదు.

పెళ్లాం వంశం గూట్లో పరాయి వంశపు ఎముకలు పెట్టరు. దారి పక్కన నాలుగు రాళ్లు పేర్చి అక్కడే ఉంచారు పిల్లలు. ఎవరివని దారినపోయేవాళ్లు అడిగితే "మా నాన్నవి" అంటారు. పేరు మాత్రం చెప్పరు, వింటే థేయ్ మనుషులు ఉమ్మేస్తారని.