సంత జీపుకి నేనేసిన బరువు లెక్క

మొన్న శుక్రవారం సంత జీపు గంట లేటయిందంటే ఊరంతా నన్నే అంటోంది. అసలు నా తప్పేంటో వినండి. విన్నాక మీరూ నవ్వుదురుగాని.

నేను పైలట్ ట్రైనింగ్‌లో చేరి నెలైంది. ఇంకా విమానం ఎక్కలేదు, అన్నీ క్లాసులే. శనివారం పొద్దున్న వైజాగ్‌లో మొదటి పరీక్ష. అది పాసైతేనే విమానం దగ్గరికి రానిస్తారు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం అరకు స్టేషన్లో ట్రైన్ పట్టుకోవాలి. స్టేషన్ దాకా వెళ్ళడానికి, అరకు సంతకెళ్ళే అప్పారావు బాబాయి జీపే దిక్కు. అది మా నాన్న కిరాణా కొట్టు ముందే ఆగుతుంది.

నా బ్యాగు వెనక పడేసి చూద్దును కదా, జనమంతా వెనకే వేలాడుతున్నారు! పైన అల్లం బస్తాలు, రాజ్మా మూటలు. ముందు సీటు ఖాళీ. నాకు ఒళ్ళు మండింది. విమానానికి ఎంత బరువన్నదే కాదు, ఆ బరువు ఎక్కడుందన్నదీ చూడాలి. తోక బరువెక్కితే ముక్కు పైకి లేస్తుంది, ఇక మన మాట వినదు. ముందురోజే చదివాను. మా ఊరి ఎత్తు రోడ్డు మీద జీపైనా అంతే కదా?

అందర్నీ దింపేశాను. కొట్లోంచి కాటా బయటికి లాగి ఒక్కొక్కరినీ ఎక్కించాను.

"ఏటే అమ్మా, ఏటి సేత్తన్నావు? బేగి రా, సంత అయిపోద్ది" అని బాబాయి గోల.

అల్లం అమ్మే సోమాలమ్మత్త కాటా ఎక్కనంది. "నా అల్లం తూకమెయ్యి. నన్నేటికి తూత్తావు, అమ్ముతావా ఏటి?"

ఎలాగో ఎక్కించాను. నేల మీద సుద్దముక్కతో లెక్క కట్టాను. సగం మందిని ముందుకి జరిపినా వెనక ఇంకో పది కిలోలు ఎక్కువే. అప్పుడు నేనే, ఈ నోటితోనే అన్నాను. "బాబాయ్, వెనక ఏది బరువుంటే అది దించెయ్. ఎవరిదని అడక్కు, అడిగితే ఎవరూ ఒప్పుకోరు."

అని ముందెక్కి కూర్చున్నాను. జీపు ఎత్తు ఎంత హాయిగా ఎక్కిందనుకున్నారు. స్టేషన్లో ట్రైన్ కూడా అప్పుడే వచ్చింది. వెనక్కెళ్ళి చూస్తే నా బ్యాగు లేదు.

"నీలం బ్యాగే కదా బరువుంది, కొట్టు అరుగు మీద దించీసేను. ఎవరిదని అడగొద్దన్నావు, అడగనేదు" అన్నాడు బాబాయి, తాపీగా.

హాల్ టికెట్ అందులోనే ఉంది. నాన్నకి ఫోన్ చేద్దామంటే మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు. జీపు సంత అయితేగాని తిరగదు. ట్రైన్ నా కళ్ళముందే వెళ్ళిపోయింది.

మా సార్‌కి ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన అంతా విని, సుద్దతో కట్టిన లెక్క కూడా చెప్పించుకుని, "లెక్క కరెక్టేనమ్మా, ఫుల్ మార్కులు. పరీక్షకి మాత్రం ఆబ్సెంట్" అన్నారు.

కరెక్టయినప్పుడు ఆ మార్కులేవో వేసెయ్యొచ్చుగా, మీరే చెప్పండి?