మా మరిదీ, మెట్‌పల్లి గారెలూ

మా మరిదికి కొత్త ఊళ్లో అడుగుపెడితే చాలు, అక్కడి హోటళ్లన్నీ రుచి చూడందే కాలు నిలవదు. ఇంటి వంటంటే చులకన. మెట్‌పల్లికి పిల్లను చూడబోయిన రోజైనా ఊరుకున్నాడా? బస్సు దిగగానే మాయమై, త్రేనుస్తూ వచ్చాడు.

పిల్ల తరఫువాళ్లు గారెలు పెట్టారు. ముట్టకపోతే సంబంధం వద్దన్నట్టే లెక్క. ఈ మహానుభావుడు పళ్లెం వంక చూస్తూ కూర్చున్నాడు. పిల్ల తండ్రి ముఖం మాడిపోయింది.

"పిల్ల నచ్చలేదా?" అని చెవిలో అడిగాను.

"మస్తు నచ్చింది వదినా. కడుపుల జాగ లేదు."

"లేకుంటే జేస్కో! తిను!"

కళ్లనీళ్లతో మింగాడు. పళ్లెం ఖాళీ కాగానే పిల్ల వచ్చి, నవ్వాపుకుంటూ ఇంకో రెండు వేసింది.

"మూతికి హోటల్ మిర్చీల నూనె అంటింది, తుడుసుకోండ్రి. మా గారెలు గూడ జర తినుండ్రి."

మా మరిది మూతి తుడుచుకుని అవీ తిన్నాడు. పిల్ల తండ్రి లగ్నం మాట ఎత్తాడు.