యోహాను కుట్టిన బంతి

కాలిబంతి ఆట చూడడానికి గోదారి దాటి వెళ్ళడమేమిటని మా ఇంట్లో అందరూ నవ్వారు. నాకూ నవ్వే వచ్చింది. కానీ ఏటి నడుమ లంకలో మిషను బడి పంతులుగా ఉన్న మా మేనల్లుడు సుబ్బారావు వదలకుండా మూడు ఉత్తరాలు రాశాడు. "మావయ్యా, మా కప్పు పోటీ చూడకపోతే మీరు చూసిందేమీ లేదు" అన్న మాట గుచ్చుకుని బయల్దేరాను.

ఉదయం ఐదింటికి రాజమండ్రిలో ఒంటెద్దు బండి ఎక్కి, ఏడింటికి ధవళేశ్వరంలో కాలవ పడవ అందుకున్నాను. టిక్కెట్టు రెండణాలు. గట్టు మీద ఇద్దరు తాడు పట్టి లాగుతుంటే పడవ పోతోంది. లాకుల దగ్గర గంటసేపు ఆపేశారు. ఎండకి నా ఓపిక నశించింది. పక్కనున్న కొబ్బరి వ్యాపారి నా పని విని, "తోలు బంతిని తన్నినందుకు కప్పిస్తారాండీ? చోద్యం!" అని బుగ్గలు నొక్కుకున్నాడు.

రేవులో దిగి, నాటుపడవలో పాయ దాటి, పన్నెండున్నరకు లంక చేరాను. సుబ్బారావు ఇంట్లో వంకాయకూర, గడ్డపెరుగు. బస బడి వరండాలో. వెళ్ళేవాళ్ళు దోమతెర మరిచిపోకండి.

నాలుగింటికి ఇసకదిబ్బ మీద ఆట మొదలైంది. ఒక పక్క ఊళ్ళో రైతుల జట్టు, ఒక పక్క ఊరవతల అంటరానివాళ్ళ పేట జట్టు. ఆ రెండు వాడల కుర్రాళ్ళు ఒకే ఇసకలో ఒకరిమీద ఒకరు పడి దొర్లడం చూసి నా కళ్ళను నేనే నమ్మలేదు. అబ్బ, ఏం జనం, ఏం డప్పులు! పేట జట్టుకి గోలు కాసేవాడు యోహాను. చెప్పులు కుట్టే మనిషి. లోపలి రబ్బరు తిత్తి మద్రాసు నుంచి తెప్పించి, పైతోలు కోసి ఆ బంతి కుట్టింది కూడా అతనే. లంకలో ఉన్నది ఆ ఒక్క బంతి.

పేట జట్టు ఎన్నడూ కప్పు గెలవలేదట. ఆ రోజు ఒక గోలు ముందుంది. పొద్దు గుంకేసరికి ఎవరు ముందుంటే కప్పు వాళ్ళదని నియమం. ఇంకో అరగంట పొద్దుందనగా రైతుల నాయకుడు తన్నిన తన్నుకి బంతి కుట్టు విడిపోయి తిత్తి బయటికి పొడుచుకొచ్చింది. తీర్పరిగా ఉన్న సుబ్బారావు ఆట ఆపాడు. అంతా యోహాను వైపు చూశారు.

అతను సంచీలోంచి తోలుకి బెజ్జాలు పొడిచే ఆరె, మైనం పట్టిన దారం తీసి ఇసకలో చతికిలబడ్డాడు. పేట కుర్రాడొకడు వంగి, "అన్నా, నిదానంగా కుట్టు. పొద్దు పోద్ది, కప్పు మనదే" అన్నాడు. నేను దగ్గరే ఉన్నాను, విన్నాను. యోహాను తలెత్తలేదు. చేతులు ఎంత చురుగ్గా ఆడాయంటే, ఆరె ఎప్పుడు దిగిందో ఎప్పుడు లేచిందో నా కంటికి ఆనలేదు. పావుగంటలో బంతి లేచింది.

మిగిలిన పావుగంటలో ఆ బంతే యోహానుని దాటి రెండుసార్లు గోలులోకి పోయింది. కప్పు రైతులదైంది. అతను ఇసకలో మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు.

మర్నాడు తిరుగు పడవలో తోలు కొనడానికి వస్తూ యోహాను కనిపించాడు. ఉండబట్టలేక అడిగేశాను: "కాస్త మెల్లిగా కుడితే కప్పు మీదే కదయ్యా?"

"అవునండి. మావోళ్ళు నాతో మాటాడ్డం మానేశారండి." సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు. "కానండీ, ఆ బంతి నేను కుట్టిందండి. నా కుట్టు ఊడిపోయి మేం గెలిచామనుకోండి, ఇంక ఆ కప్పుకేసి ఏ మొకంతో చూడమంటారండి?"

పాతికేళ్ళ గుమాస్తాగిరీలో నా తప్పు కిందివాళ్ళ మీదకి నెట్టి బయటపడ్డ రోజులు ఒకటి రెండు కావు. ఈ లంకకి ఎవరైనా వెళితే కప్పు సంగతి తర్వాత, ముందు యోహాను ఇల్లెక్కడో అడగండి.

ధవళేశ్వరంలో దిగగానే రేవు మీద అందరి ఎదుటా అతనికి చేతులెత్తి దణ్ణం పెట్టాను. "తప్పండీ బాబుగారూ, తప్పండీ" అంటూ కంగారుగా వెనక్కి జరిగాడు. జనం ఆగి చూస్తున్నారు. నేను చేతులు దించలేదు.