ఆఖరి నీలం చుక్క

పటాన్‌చెరు షెడ్డుల నా పని మిషన్ల కిందుండే ఇనుప బెడ్డును చేత్తోని గీకి సాపు చేసుడు. సాపు పలకకు నీలం రంగు పూసి బెడ్డు మీద రుద్దుతం. ఎత్తున్న కాడ నీలం అంటుతది. అక్కడ మాత్రమే గీకాలె. మళ్ల రుద్దాలె, మళ్ల గీకాలె. వారాలు పడ్తది. నాకు నేర్పింది పక్కనున్న కంది ఊరి నుంచి వచ్చే ముసలి ఫిట్టరు. అందరం ఉస్తాద్ అనేటోళ్లం.

అప్పట్ల నాకు జపానోళ్ల జెన్ బోధల పిచ్చి పట్టింది. ఫోన్ల వీడియోలు చూసుడు, బువ్వ తినే కాడ అందరికి చెప్పుడు. "చెయ్యకుంట చేసుడే అసలు పని. ఎక్కడ ఆపాల్నో తెలిసినోడే మేలుకున్నోడు" అనేటోన్ని. "అబ్బో! సూపర్‌వైజర్‌కు ఇనవడేటట్టు జెర గట్టిగ చెప్పు" అని దోస్తులు నవ్వేటోళ్లు. ఉస్తాద్ డబ్బా మూసి లేసి పోయేటోడు.

ఆయనకు చూపు మందగించింది. నెలాఖరుకు నౌకరి దిగిపోతడు. అప్పుడు నేను గీకుతున్న బెడ్డే నాకు పరీక్ష. సాపైతే పర్మనెంట్, లేకుంటే ఇగ జన్మంత కాంట్రాక్టే.

శనివారం పొద్దుగూకంగ ఉస్తాద్ బెడ్డంతా అరచెయ్యి తిప్పిండు. "అయింది. ఇడ్సిపెట్టు."

"మూలకు ఒక్క చుక్క లావుగుంది ఉస్తాద్."

"ఉండనీ. ఇడ్సిపెట్టు."

ఆయన చాయ్‌కి పోయిండు. నా చెయ్యి ఆగలే. ఒక్కటే గదా అని గీకిన. అది పోయింది, పక్కన నాలుగు లేసినయ్. అవీ గీకిన. ఆయన తిరిగొచ్చేవరకు మూల దిగిపోయింది. ఒక్క మూల దిగితే బెడ్డు మొత్తం దానంత లోతుకు దించాలె, అంటే మొదటి నుంచి పని. ఉస్తాద్ మూలను తడిమి, గీకుడు ఉలి నా చేతులకెల్లి తీసి పక్కకు పెట్టిండు. తిడితే బాగుండనిపించింది.

సోమవారం సూపర్‌వైజర్ "ఎవరు గీకిండ్రిది?" అని లేసిండు. నేను నోరు తెరిసేలోపే ఉస్తాద్ అందుకున్నడు. "నేనే సార్. కండ్లు కనవడ్తలేవు, చెయ్యి తప్పింది. వానిదేం లేదు."

ఆదివారం చర్చి తప్పని మనిషి నా కోసం అబద్ధమాడిండు. నేను తెరిసిన నోరు మూసుకున్న. చెయ్యకుంట చేసుడు నాకొచ్చింది గంతే, థూ!

తప్పు నా మీద పడలే, ఇంకో బెడ్డు సాపు చేసి నేను పర్మనెంటైన. ముప్పై ఏండ్ల చెయ్యి ఆఖరికి ఖరాబైందన్న పేరుతోని ఆయన దిగిపోయిండు.

రెండేండ్లు ఆయనకు మొఖం చూపియ్యలే. మొన్న ఆగలేక కందికి పోయిన. ఇంటి ముంగట చిక్కుడుకాయలు ఒలుస్తుండు. పక్కన కూసుంటనే ఏడుపొచ్చింది.

"ఉస్తాద్, ఆ దినం నేనే అని చెప్పాల్సుండె. నిద్ర పడ్తలేదు."

ఆయన నా చెయ్యి దగ్గరికి తీస్కోని, బెడ్డును తడిమినట్టే అరచెయ్యంతా తడిమిండు.

"ఇంకా గా చుక్కనే గీకుతున్నవారా? ఇడ్సిపెట్టు" అని సగం చిక్కుడుకాయలు నా ఒళ్లె పోసిండు.