మూత వేసే ముందు పిలిచిన మనిషి

మా ఫోర్‌మన్ గారు పోయారన్న కబురు నాకు యార్డ్‌కు వెళ్లే బస్సులో తెలిసింది. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఆయనతో విల్లా పంచుకున్న రూమ్‌మేట్ ఫోన్ చేసి, "అన్నా, పెద్దాయన లేవలేదండి. టీ పట్టుకెళ్ళి పిలిచాను. పలకలేదు," అన్నాడు. ఆ చివరి మాట నన్నెందుకు అంతగా గుచ్చిందో ఈ నాలుగు ముక్కలూ చదివితే మీకే తెలుస్తుంది. ఈ ఖతార్‌లో నేను చూసినన్నాళ్లూ ఆయన మనుషుల్ని పిలిచి, పలుకుతారేమోనని ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఆయనది కోనసీమ, మాది జగిత్యాల దగ్గర పల్లె. మేం పనిచేసేది ఓడలు బాగుచేసే డ్రై డాక్‌లో. అంటే నీళ్లన్నీ తోడేసి ఓడను ఎండలో నిలబెట్టే పెద్ద గొయ్యి. ఆయన ఫోర్‌మన్, నేను ఆయన కింద ఫిట్టర్ని. ఇనుము కనిపిస్తే చాలు, వేలి కణుపులతో తట్టిచూసేవారు. ఫ్రిజ్‌ను తట్టేవారు, మంచం కోడు తట్టేవారు, ముషైరిబ్ మెట్రో స్టేషన్‌లో రెయిలింగ్ కూడా తట్టేవారు. టీలో చక్కెర ఎక్కువ, మాటలో చక్కెర తక్కువ. తప్పు చేస్తే తిట్టి, తిట్టాక తన క్యారేజీలోంచి రొయ్యపొట్టు కూర సగం నాకు పెట్టేవారు. నాకు ఆ వాసన పడదు. పడదని చెప్పే ధైర్యం చివరిదాకా రాలేదు.

ఓడ అడుగున రెండు ఇనుప రేకుల మధ్య చీకటి గదులుంటాయి. వాటిలో మనిషి పాకుతూ పోవాలి. లోపల పని అయ్యాక, మనిషి దూరేంత కంత మీద ఇనుప మూత పెట్టి నట్లు బిగిస్తాం. ఆ తర్వాత డాక్‌లోకి నీళ్లు వదులుతారు. మూత వేసే ముందు ఫోర్‌మన్ గారు హెల్మెట్ తీసి, మోకాళ్ల మీద వంగి, తల కంతలోకి పెట్టి మా అందరి పేర్లూ పిలిచేవారు. మేం ఆయన వెనకే నిలబడి ఉన్నా సరే పిలవాల్సిందే. చివర్లో జర్మన్‌లో "నోఖ్ యేమాంట్ డా?" అనేవారు, ఇంకా ఎవరైనా ఉన్నారా అని. వెంటనే తెలుగులో "తమ్ముడూ, ఉన్నావా? పైకి వచ్చెయ్," అని చెవి ఒగ్గి ఊరుకునేవారు. ఆయన లేచేదాకా ఎవరూ మూత ముట్టకూడదు.

మొదటిసారి చూసినప్పుడు నేను వెనక్కి తిరిగి మావాళ్ల తలలు లెక్కపెట్టాను.

"అందరం ఈడనే ఉన్నం గద సార్. ఎవర్ని పిలుస్తున్నరు?" అని అడిగాను.

"లేనోణ్ణి," అన్నారు. "పిలవని పేరంటానికొచ్చేవాళ్ళు బోలెడుమంది. పిలిచినా రాని చుట్టం ఈడొక్కడేరా."

ఆ చుట్టం సంగతి టీ బ్రేకుల్లో ముక్కలు ముక్కలుగా చెప్పారు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఓడ మీద ఫిట్టర్. వాళ్ల కంపెనీ జర్మనీలో కొత్త ఓడ కట్టిస్తుంటే, దగ్గరుండి చూసుకోమని ఒక చలికాలం ఆయన్ని అక్కడికి పంపింది. నది ఒడ్డున పాత యార్డ్. ఒక కమ్మరి ఆ ఒడ్డున లంగర్లు కొట్టడంతో మొదలైందట ఆ కంపెనీ. కొడుకులు బాయిలర్లు చేశారు. మనవలు స్టీమర్లు కట్టారు, ఇల్లూ వాకిలీ అమ్ముకుని సముద్రం దాటిపోయే జనం కోసం. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములు కట్టారు. ఓడిపోయాక పనిలేక గేటు ముందు జనం బారులు తీరారు. మళ్లీ యుద్ధం, మళ్లీ జలాంతర్గాములు. అదీ ఓడిపోయాక గెలిచినవాళ్లు వచ్చి క్రేన్లు విప్పుకుపోయారు. మిగిలిన రేకుతో గిన్నెలూ పొయ్యిలూ చేసుకుని బతికి, చేపల పడవలతో మళ్లీ మొదలెట్టి సరుకు ఓడల దాకా వచ్చారు. ఈ వంశచరిత్రంతా తన మేనమామలదైనట్టు చెప్పేవారు ఆయన. రెండో యుద్ధం దగ్గరకు వచ్చేసరికి మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టేసేవారు.

ఆ యుద్ధంలో కంపెనీ తూర్పు దేశాల నుంచి పట్టుకొచ్చిన ఖైదీల చేత పని చేయించుకుంది. ఒకరోజు బాంబుల సైరన్ మోగింది. ఒక ఓడ అడుగు గది దగ్గర పైఅధికారి "మూసెయ్, పరిగెత్తు" అని అరిచాడు. అక్కడ పని నేర్చుకుంటున్నవాడు మూత బిగించి పరిగెత్తాడు. మర్నాడు ఖైదీల్లో ఒకడు కనపడలేదు. పారిపోయాడనుకున్నారు. ఆ మూత మళ్లీ తెరవకుండానే ఓడ నీళ్లలోకి దిగిపోయింది. ఆ మూత బిగించినవాడే ఏళ్లు గడిచాక అదే యార్డ్‌లో ముసలి మేస్త్రి అయ్యాడు. మా ఫోర్‌మన్ గారికి ఈ కథ చెప్పింది ఆయనే.

"నట్టు తిప్పుతుంటే లోపల్నుంచి చప్పుడైందంట్రా. పక్కోడి సుత్తి చప్పుడనుకున్నాడంట," అన్నారు ఫోర్‌మన్ గారు. "అప్పట్నుంచీ మూతేసే ముందు టోపీ తీసి పిలిచేవోడు. అక్కడోళ్ళు అది యార్డ్ ఆచారం అనుకునేవోరు. ఎందుకో వాళ్ళకి తెలీదు."

"ఆ ఖైదీ పేరేంది సార్?"

"తెలిస్తే పేరెట్టే పిలుద్దును కదా."

ఓడలతో పాటు జర్మన్ ఇంజనీర్లు ఎవరొచ్చినా ఫోర్‌మన్ గారు ఆ పేరు అడిగేవారు. కొందరు నవ్వేవాళ్లు, కొందరు మొహం తిప్పుకునేవాళ్లు. ఈలోగా ఆర్డర్లన్నీ కొరియాకూ చైనాకూ పోయి ఆ కంపెనీ ఇంకో కంపెనీలో కలిసి, అదీ దివాలా తీసింది. ఒకరోజు ఫోన్‌లో ఫొటో చూపించారు. ఓడలు జారిన చోట అపార్ట్‌మెంట్లు లేచాయి, బాల్కనీల్లో పూలకుండీలున్నాయి. "అడగటానికి గేటు కూడా లేదురా ఇంక," అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఎవరి పాపమో ఎవరి దేశంలోనో జరిగితే, దాన్ని ఈయన ఖతార్ దాకా మోయడమేమిటి?

"మనకెందుకు సార్ ఆ బరువు?" అన్నాను.

"బరువు కాదురా. ఆడి చప్పుడు ఒకడు విన్నాడు, వినీ పోయాడు. మనం ఆగి వినాలి, అంతే."

ఆ మాటకు విలువ ఒక ఎండాకాలంలో తెలిసింది. ఆ అడుగు గదిలోకి, మా మాటలో ట్యాంక్‌లోకి, దిగేవాడు బోర్డుకు టోకెన్ తగిలించి దిగాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. భోజనాల వేళ ఆ బోర్డు దగ్గర తొక్కిసలాట. స్నేహితుడికి క్యాంప్ బస్సు తప్పిపోతుందేమోనని మావాళ్లు ఒకరి టోకెన్ ఇంకొకరు తీసేసేవాళ్లు. అదో సాయం అనుకునేవాళ్లు. ఆ రోజు బోర్డు ఖాళీగా ఉంది. అందరూ బయటే ఉన్నారని లెక్క. ఫోర్‌మన్ గారు అలవాటుగా వంగి పిలిచారు. లోపల ఎక్కడో టక్, టక్ అని వినిపించింది. నేనూ విన్నాను. ఆయన అప్పటికప్పుడు లోపలికి పాకారు, వెనకే నేను. చివరి గదిలో బంగ్లాదేశ్ పెయింటర్ ఒకడు వేడికి సొమ్మసిల్లి పడి ఉన్నాడు. వాడి టోకెన్ వాడి స్నేహితుడి జేబులో ఉంది.

తేరుకున్నాక వాడు ఖర్జూరాల డబ్బా పట్టుకొచ్చాడు. "దేంతో కొట్టావు? పానాతోనా?" అని ఫోర్‌మన్ గారు హిందీలో అడిగారు.

"నై ఉస్తాద్," అన్నాడు వాడు. తాను పడిపోయాననీ, చెయ్యి కూడా కదల్లేదనీ, తానేమీ కొట్టలేదనీ చెప్పాడు.

ఫోర్‌మన్ గారు నా వైపు చూశారు. వేడికి ఇనుము సాగితే చప్పుడొస్తుంది. అది నాకూ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. ఆ ఓడ ముందు గోడ మీద, దాన్ని కట్టినవాళ్ల పేరుతో ఉన్న ఇత్తడి పలక ఆ జర్మన్ కంపెనీదేనని కూడా మా ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత దాని గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కానీ పెయింటర్ల నోట మాట పాకింది. పెద్దాయన దయ్యాన్ని పిలుస్తాడని కొందరు ఆయన ఉన్న ట్యాంక్‌లోకి మేం దిగం అనేవాళ్లు.

ఇక్కడ సెలవురోజైన శుక్రవారం చర్చిలో ఆయన కోసం ప్రార్థన జరిగింది. బయటికి వచ్చాక ఆ రూమ్‌మేట్ నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, మీకొక్కరికే చెబుతున్నానండి. తెల్లవారగట్ల మా మధ్యనున్న రేకు పార్టిషన్ మీద తట్టిన చప్పుడు విన్నాను. ఆయనకి అలవాటే కదా అని అటు తిరిగి పడుకున్నానండి."

వాడి తప్పేం లేదని నాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అప్పటి నుంచి ఆ చప్పుడు నా చెవిలోనే ఉంది. రోజూ వింటున్నాను.

ఇప్పుడు ఆయన స్థానంలో నన్ను పెట్టారు. యార్డ్‌లో మొహం చూసి లెక్కపెట్టే కొత్త గేటు వచ్చింది. సేఫ్టీ ఆఫీసర్ చెడ్డవాడు కాడు. "పెద్దాయన మీద గౌరవంతో ఇన్నాళ్లూ ఊరుకున్నాం. ఇక ఆ కేకలు వద్దు. జనం బెదిరిపోతున్నారు. గేటు లెక్క చాలు," అని హిందీలో నచ్చజెప్పాడు. నేను తలూపాను. తలూపితే ఆ పిలుపు ఆయనతోనే పోతుందని తెలిసీ ఊపాను. నాకూ డ్యూటీ కావాలి, ఇంటి దగ్గర నా మీద ఆధారపడ్డవాళ్లున్నారు.

నిన్న ఒక ఓడ అడుగు గది మూసే పని పడింది. దాన్ని కట్టింది జర్మన్లు కాదు, కొరియావాళ్లు. సేఫ్టీ ఆఫీసర్ పక్కనే నిలబడి, లెక్క సరిపోయిందని స్క్రీన్ చూపించాడు. మావాళ్లిద్దరు మూత ఎత్తి పట్టుకున్నారు. నా హెల్మెట్ ఎప్పుడు తీశానో నాకే తెలియదు. మోకాళ్ల మీద వంగి పేర్లు పిలిచాను. ఒక్కొక్కరే నా వెనక నుంచి పలికారు. తమ్ముడూ అని పిలవబోయాను. గొంతులోంచి "సార్, ఉన్నరా?" అని వచ్చింది. కొత్త రంగు వాసనతో వేడిగాలి మొహానికి కొట్టింది. నా గొంతే ఎక్కడో గోడకు తగిలి, చిన్నదై తిరిగి వచ్చింది. సేఫ్టీ ఆఫీసర్ తన వాకీటాకీ ఆపేశాడు. పైన డాక్ అంచు మీద ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరుస్తున్నారు. మూత పట్టుకున్న ఇద్దరి చేతులూ బరువుకు వణుకుతున్నాయి. ఇద్దరూ దాన్ని దించలేదు.