బోర్డు లేని సందు

ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టి కూడబెట్టిన సొమ్ముతో ఒక చిన్న ఇల్లు కొని కిరాయికి ఇవ్వాలని నా పంతం. మేమే నాందేడ్‌లో కిరాయింట్లో ఉంటూ ఇంకొకరికి కిరాయికి ఇవ్వడమేమిటని చుట్టాలు నవ్వారు. నవ్వనీ. రేపు సూది బెజ్జం కనిపించని నాడు ఆ ఇల్లే నాకు అన్నం పెట్టాలి. చోటు తప్పితే మాత్రం నా కష్టమంతా తాళం వేసిన ఇంట్లో బూజు పట్టిపోతుంది. నా భయం అదొక్కటే.

మా ఆయన బట్టల దుకాణంలో పనిచేస్తాడు. ఏదైనా కొత్తగా మెరిస్తేనే ఆయనకు నచ్చుతుంది. ఒక ఆదివారం నన్ను ఆటోలో ముద్ఖేడ్ దారిలో కొత్తగా వేసిన కాలనీకి తీసుకుపోయాడు. వెడల్పాటి రోడ్లు, రంగురంగుల గేట్లు. ప్రతి గేటుకూ ఇల్లు కిరాయికి ఇవ్వబడునని మరాఠీలో బోర్డు. ఆయన మొహం వెలిగిపోయింది.

"సూడు, ఇంటింటికీ బోర్డే! కిరాయికి ఎంత గిరాకీ ఉందో!"

"గిరాకీ ఉంటే బోర్డెందుకు పెడతరు? ఆ తాళాలు సూడుండ్రి, తుప్పు పట్టినయి."

ఆయన తాళాలను చూశాడు, నన్ను చూశాడు, వెనక్కి తిరిగి ఆటో ఎక్కాడు.

ఆ సాయంత్రమే బయటి ఊళ్ల పిల్లలు కోచింగ్ క్లాసులకు వచ్చి ఉండే పేటకు ఆయన్ని లాక్కుపోయాను. స్కూటీ వస్తే గోడకు అతుక్కోవాల్సిన ఇరుకు సందు. ఒక్క గేటుకూ బోర్డు లేదు. మేడల మీద మాత్రం ఎక్కడ చూసినా ఆరేసిన పిల్లల బట్టలే.

"ఈడెవరన్న ఇల్లు కొంటరా?" అని ఆయన గొణిగాడు.

వినిపించుకోకుండా ఒక తలుపు తట్టి, బయటికి వచ్చిన పెద్దావిడను కిరాయికి గది ఉందా అని మరాఠీలో అడిగాను. కొనడానికి వచ్చామంటే అందరూ తీపి మాటలే చెబుతారు. నా యాస పట్టుకుని ఆవిడ తెలుగులోకి దిగింది.

"ఖాళీ ఏడుంటదమ్మా? పాత పిల్లలు పోకముందే కొత్తోళ్లు అచ్చి మాట్లాడుకొని పోతరు." నా మొహం చూసి జాలిపడింది. "సందు చివర పాతిల్లు ఒకటుంది గానీ, అది అమ్మేదట. మీ అసొంటోళ్లకు కాదు."

మా అసొంటోళ్లకు కాదా! ఒళ్లు మండింది, అంతలోనే ఎగిరి గంతేయాలనిపించింది. మా ఆయన నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు.

ఆ పాతిల్లే కొన్నాం. కొంగు బిగించి నేనూ గోడలకు సున్నం వేస్తున్న రోజున, సగరోళి ఊరి దిక్కు నుంచి ఒక రైతు, కోచింగ్‌లో చేరబోయే తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల కిటికీ తెరిచి చూసి, తండ్రి చెవిలో ఏదో చెప్పింది. ఆ రైతు నా చేతిలో కుంచె చూసి, "అమ్మా, మా బిడ్డకు గీ ఇల్లు నచ్చింది. జర ఓనరమ్మను పిలువు," అన్నాడు.

మా ఆయన నోరు తెరవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ మాట నేనే చెప్పుకోవాలి.

"నేనే అన్నా, ఓనరమ్మను," అన్నాను. సందంతా వినపడి ఉంటుంది.